సమీకరణానికి మిల్లీలీటర్లు తెలియవు

25 మిల్లీలీటర్ల 0.1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పూర్తిగా తటస్థం చేయాలంటే 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ఎన్ని మిల్లీలీటర్లు కావాలి? ఆప్షన్లు 12.5, 25, 50, 100. విజయవాడలో బెంజి సర్కిల్ నుంచి గూడవల్లి దాకా ఏ ఇంటర్ కాలేజీలో ఈ బిట్ ఇచ్చినా, 25 దగ్గర టిక్ పెట్టేవాళ్లు క్లాసుకు కొందరైనా తేలతారు. వాళ్లేమీ చదవని పిల్లలు కాదు. ఎం1వి1 = ఎం2వి2 (ఎం అంటే మోలార్‌లలో చెప్పే గాఢత, వి అంటే ఘనపరిమాణం) అని బాగా బట్టీ పట్టినవాళ్లే. గాఢతలు రెండూ 0.1 కదా, ఘనపరిమాణాలూ ఒకటే అయ్యుండాలని పది సెకన్లలో తేల్చేస్తారు. సరైన జవాబు 50.

ఆ ఫార్ములాలో తప్పేమీ లేదు. కాకపోతే అది వేరే పనికి పుట్టింది. గాఢమైన ద్రావణంలో నీళ్లు పోసి పలచన చేస్తే నీళ్లు పెరుగుతాయి తప్ప లోపల కరిగిన పదార్థం పెరగదు, తరగదు. ఆ పదార్థాన్ని లెక్కపెట్టే కొలత మోల్, డజను లాంటిదే, కాకపోతే చాలా పెద్ద గుంపు. ముందున్న మోల్‌లు, తర్వాతున్న మోల్‌లు ఒకటే. ఎం1వి1 = ఎం2వి2 చెప్పేది ఈ ఒక్క ముక్కే. అక్కడ ఒకే పదార్థం ఉంది, చర్య ఏదీ జరగడం లేదు. ఆమ్లం, క్షారం కలిపినప్పుడు సంగతి వేరు. రెండు పదార్థాలున్నాయి, ఒకటి రెండోదాన్ని ఖర్చు చేస్తోంది. ఎంతకు ఎంత అన్నది ఫార్ములా చెప్పలేదు, తుల్య సమీకరణమే (రెండు వైపులా పరమాణువులు సరిపోయేలా రాసిన చర్యే) చెప్పాలి. సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక మోల్ రెండు మోల్‌ల హైడ్రోజన్ అయాన్లు ఇస్తుంది కాబట్టి రెండు మోల్‌ల సోడియం హైడ్రాక్సైడ్ అడుగుతుంది.

మరి పిల్లలకు ఆ ఫార్ములా మీద అంత నమ్మకం ఎందుకు కుదిరింది? మొదట్లో చేయించే లెక్కలన్నీ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్ మీదే ఉంటాయి. అక్కడ నిష్పత్తి ఒకటికి ఒకటి. జవాబు ప్రతిసారీ కలుస్తుంది. కలిసింది ఫార్ములా గొప్పతనం వల్ల కాదు, నిష్పత్తి అలా కుదరడం వల్ల అని ఎవరూ చెప్పకపోతే, సల్ఫ్యూరిక్ ఆమ్లం దగ్గరికి వచ్చేసరికి దెబ్బ తగులుతుంది.

గుంటూరు మిర్చి యార్డులో ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాయో చూసి రైతుకు డబ్బు లెక్కకట్టరు. తూకం వేసి క్వింటాళ్లలోకి మార్చాకే ధర. ద్రావణాల్లో మిల్లీలీటర్లు ఆ టిక్కీల్లాంటివి. ఒక్కో టిక్కీలో సరుకెంతో చెప్పేది మోలారిటీ. రెండూ గుణిస్తే తేలే అసలు సరుకు మోల్‌లు. సమీకరణంలో పదార్థాల ముందు రాసే 1, 2, 5 అన్న అంకెలు ఆ మోల్‌లకే వర్తిస్తాయి. అందుకే ద్రావణంలో జరిగే చర్య ఏదైనా సరే, లెక్క మొదటి అడుగు ఘనపరిమాణం నుంచి మోల్‌లకు దిగడం, నడిమి అడుగు సమీకరణం నిష్పత్తి, చివరి అడుగు మోల్‌ల నుంచి అడిగిన దానికి (ఘనపరిమాణం, గాఢత, బరువు, శాతం) ఎక్కడం. నడిమి అడుగు దాటేసి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దూకే ప్రతి షార్ట్‌కట్టూ ఎక్కడో ఒకచోట ముంచుతుంది.

ఇక్కడ లెక్క వేసే తీరులో ఒక చిన్న మార్పు చేసుకుంటే పని చాలా తేలికవుతుంది. మోలారిటీ అంటే లీటరుకు మోల్‌లు. అదే అంకె మిల్లీలీటరుకు మిల్లీమోల్‌లు కూడా. కాబట్టి మి.లీ.ని లీటర్లలోకి మార్చి 0.025 అని రాసుకోవడం, సున్నాలు లెక్కపెట్టుకోవడం అక్కర్లేదు. 25 మి.లీ. × 0.1 = 2.5 మిల్లీమోల్‌ల ఆమ్లం. రెట్టింపు క్షారం, అంటే 5 మిల్లీమోల్‌లు. 5 ÷ 0.1 = 50 మి.లీ. అంతే. బరువు అడిగితే మిల్లీమోల్‌లను మోలార్ ద్రవ్యరాశితో గుణిస్తే మిల్లీగ్రాములు వస్తాయి. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, కాలిక్యులేటర్ ఉండదు. దశాంశ బిందువు ఒక స్థానం జరిగిందంటే పక్క ఆప్షన్ సిద్ధంగా ఎదురుచూస్తుంటుంది. మిల్లీమోల్‌లలో ఆలోచించడం అలవాటైతే ఆ ప్రమాదం సగం తప్పుతుంది.

ఇప్పుడు కాస్త చిక్కుముడి ఉన్న లెక్క. 50 మి.లీ. 0.2 మోలార్ లెడ్ నైట్రేట్‌లో 50 మి.లీ. 0.3 మోలార్ పొటాషియం అయొడైడ్ పోశారు. పసుపుపచ్చగా మెరిసే లెడ్ అయొడైడ్ అవక్షేపం (కరగకుండా అడుగుకు చేరే పొడి) పడింది. అవక్షేపం ఎంత? పైన మిగిలిన ద్రావణంలో ఏ అయాను ఎంత గాఢతలో ఉంది?

ముందు సీసాల మీది పేర్లు మరిచిపోవాలి. లెడ్ నైట్రేట్ అని రాసి ఉన్నా ఆ నీళ్లలో లెడ్ నైట్రేట్ అన్న అణువులేమీ తిరగడం లేదు, లెడ్ అయాన్లు వేరుగా, నైట్రేట్ అయాన్లు వేరుగా ఉన్నాయి. చీటీ మీది గాఢత మనం ఏం కలిపామో చెబుతుంది, లోపల ఏముందో మనమే రాసుకోవాలి. లెడ్ 50 × 0.2 = 10 మిల్లీమోల్‌లు. దానికి రెట్టింపు నైట్రేట్, 20. అయొడైడ్ 50 × 0.3 = 15, పొటాషియం 15. ఇందులో చర్యకు దిగేవి లెడ్, అయొడైడ్. మిగతా రెండూ ప్రేక్షక అయాన్లు, చూస్తూ కూర్చుంటాయి.

ఏది ముందు అయిపోతుంది? 10, 15 పక్కపక్కన కనిపించగానే చాలామంది చిన్న అంకెను పట్టుకుని లెడ్ పరిమిత కారకం అంటారు. ఒక్కో లెడ్‌కు రెండు అయొడైడ్‌లు కావాలి. 10 మిల్లీమోల్‌ల లెడ్ మొత్తం ఖర్చవ్వాలంటే 20 మిల్లీమోల్‌ల అయొడైడ్ ఉండాలి, ఉన్నది 15. కాబట్టి ముందు అయిపోయేది అయొడైడ్. ప్రతి పదార్థం మోల్‌లను సమీకరణంలో దాని ముందున్న అంకెతో భాగించి పోల్చితే పొరపాటుకు చోటుండదు: 10 ÷ 1 = 10, 15 ÷ 2 = 7.5. చిన్నది 7.5, అంతకంటే ఎక్కువ అవక్షేపం రాదు. లెడ్ అయొడైడ్ మోలార్ ద్రవ్యరాశి 461. 7.5 × 461 అంటే సుమారు 3,460 మిల్లీగ్రాములు, 3.46 గ్రాములు.

లెడ్ 2.5 మిల్లీమోల్‌లు మిగిలింది. దాని గాఢతకు దేనితో భాగించాలి? ఇక్కడ 50తో భాగించేవాళ్లు చాలామంది. రెండు ద్రావణాలూ కలిశాక ఉన్నది 100 మి.లీ. కాబట్టి లెడ్ 0.025 మోలార్, నైట్రేట్ 0.2, పొటాషియం 0.15. (50, 50 కలిపితే కచ్చితంగా 100 వస్తుందనడం పలచటి ద్రావణాల దగ్గర మనం చేసుకునే సర్దుబాటు. అలాగే లెడ్ అయొడైడ్ అణుమాత్రం కూడా కరగదని అనుకున్నాం. నిజానికి కొద్దిగా కరుగుతుంది, ఆ లెక్క ద్రావణీయతా లబ్ధం పాఠంలో వస్తుంది.)

జవాబు సరిచూసుకోవడానికి పుస్తకం చివరి పేజీ తిప్పాల్సిన పని లేదు. ద్రావణంలో ధనావేశం, రుణావేశం సమానంగా ఉండి తీరాలి. లెడ్ రెండు ఆవేశాలు మోస్తుంది కాబట్టి 2 × 0.025 = 0.05, దానికి పొటాషియం 0.15 కలిపితే 0.20. రుణావేశం వైపు నైట్రేట్ 0.20. సరిపోయింది. ఇలా సరిచూసుకోవడం ఎందుకు నేర్పించరో నాకు అర్థం కాదు. అరనిమిషం పని, తప్పు జరిగితే వెంటనే బయటపడుతుంది.

ల్యాబ్‌లో లెక్క ఇంకో చోట జారుతుంది. ఆక్జాలిక్ ఆమ్లం ప్రమాణ ద్రావణం (గాఢత కచ్చితంగా తెలిసినది) తయారు చేయమంటారు. 1.575 గ్రాములు తూచి 250 మి.లీ. ఫ్లాస్కులో గీత దాకా నీళ్లు పోస్తారు. సీసాలో ఉన్న స్ఫటికాలు రెండు నీటి అణువులను తమతో పెట్టుకుని ఉంటాయి, మోలార్ ద్రవ్యరాశి 126. 1,575 ÷ 126 = 12.5 మిల్లీమోల్‌లు, 250 మి.లీ.లో 0.05 మోలార్. నీళ్లు మరిచిపోయి 90తో భాగిస్తే 17.5 మిల్లీమోల్‌లు, 0.07 మోలార్. రెండూ గుండ్రటి అంకెలే, చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. అదే ఇక్కడి గొడవ, జవాబు అందంగా వచ్చిందని తప్పు కనిపించదు. ఇంకోటి, ఫ్లాస్కులో 250 ఉన్నా పిపెట్‌తో తీసింది 20 మి.లీ. మాత్రమే. టైట్రేషన్ (చర్య పూర్తయ్యేదాకా బ్యూరెట్ అనే కొలత గొట్టం నుంచి రెండో ద్రావణాన్ని వదిలి, ఎంత పట్టిందో చూడడం) చెప్పేది ఆ 20 గురించి. మొత్తం ఎంత కరిగిందని ప్రశ్న అడిగితే 12.5తో గుణించాలి.

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో టెన్షన్ పెట్టేది పర్మాంగనేట్ టైట్రేషన్. 20 మి.లీ. 0.05 మోలార్ మోర్ లవణం (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్) తీసుకుంటే 0.02 మోలార్ పర్మాంగనేట్ బ్యూరెట్‌లో 10 మి.లీ. దిగుతుంది. అదే 20 మి.లీ. 0.05 మోలార్ ఆక్జాలిక్ ఆమ్లం తీసుకుంటే 20 మి.లీ. దిగుతుంది. గాఢత అదే, తీసుకున్న ఘనపరిమాణమూ అదే, రీడింగ్ మాత్రం రెట్టింపు. కారణం ఎలక్ట్రాన్లు. పర్మాంగనేట్ ఆమ్ల యానకంలో ఐదు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. మోర్ లవణంలోని ఫెర్రస్ అయాను ఒక్కటే ఇస్తుంది, కాబట్టి ఒక పర్మాంగనేట్‌కు ఐదు ఫెర్రస్‌లు. ఆక్జలేట్ రెండు ఇస్తుంది, కాబట్టి రెండు పర్మాంగనేట్‌లకు ఐదు ఆక్జలేట్‌లు. రెండు చోట్లా ఫ్లాస్కులో ఉన్నది 1 మిల్లీమోల్. మొదటి దానికి 0.2, రెండోదానికి 0.4 మిల్లీమోల్ పర్మాంగనేట్ ఖర్చయింది.

ఈ నిష్పత్తులు నిలబడాలంటే ల్యాబ్‌లో చెప్పే షరతులన్నీ పాటించాలి. అవి చాదస్తానికి పెట్టినవి కావు. సల్ఫ్యూరిక్ ఆమ్లం బదులు హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే పర్మాంగనేట్ క్లోరైడ్‌ను కూడా ఆక్సీకరణం చేస్తుంది. నైట్రిక్ ఆమ్లం తానే ఆక్సీకారిణి. మొదటిదాంతో రీడింగ్ పెరుగుతుంది, రెండోదాంతో తగ్గుతుంది. ఆమ్లం చాలకపోతే గోధుమ రంగు మాంగనీస్ డయాక్సైడ్ పడుతుంది. అప్పుడు పర్మాంగనేట్ తీసుకునేది ఐదు ఎలక్ట్రాన్లు కాదు, మూడే. లెక్కలో వేసిన నిష్పత్తే చెల్లదు. ఆక్జాలిక్ ఆమ్లాన్ని 60, 70 డిగ్రీలకు వేడి చేయాలి, లేకపోతే చర్య నత్తనడక నడుస్తుంది. మోర్ లవణాన్ని మాత్రం వేడి చేయకూడదు, గాలి తగిలి ఫెర్రస్ కాస్తా ఫెర్రిక్ అవుతుంది. ఆక్జాలిక్ ఆమ్లంలో మొదటి చుక్క రంగు పోవడానికి చాలాసేపు పట్టి, తర్వాత చుక్కలు వెంటవెంటనే మాయమవుతాయి. చర్యలో పుట్టిన మాంగనస్ అయానే దానికి ఉత్ప్రేరకం. బ్యూరెట్‌లో ముదురు ఊదా రంగు వల్ల ద్రవం అడుగు వంపు కనపడదు, అందుకే పై అంచు చూసి రీడింగ్ రాస్తారు.

ఈ నిష్పత్తుల మాట ఎత్తగానే "సార్, నార్మాలిటీ వాడితే ఈ గొడవే ఉండదుగా?" అని ఎవరో ఒకరు అంటారు. నార్మాలిటీ అంటే మోలారిటీని, ఆ చర్యలో ఒక్కో మోల్ ఇచ్చే లేదా తీసుకునే హైడ్రోజన్ అయాన్లు లేదా ఎలక్ట్రాన్ల సంఖ్యతో గుణిస్తే వచ్చే గాఢత. నిజమే, ఎన్1వి1 = ఎన్2వి2 ఎప్పుడూ పనిచేస్తుంది. ఎందుకంటే నిష్పత్తిని ముందే నార్మాలిటీలో కలిపేశాం. కానీ కలిపే ముందు చర్య ఏదో తెలియాలి. 0.02 మోలార్ పర్మాంగనేట్ ఆమ్ల యానకంలో 0.1 నార్మల్, తటస్థ యానకంలో 0.06 నార్మల్. సీసా అదే, ద్రావణం అదే, చీటీ మీద ఏది రాయాలి? అందుకే మోలారిటీనే పట్టుకోమంటాను. నిష్పత్తి కళ్లెదుట ఉంటే తప్పు ఎక్కడుందో వెతకవచ్చు, అంకెలో దాగితే వెతకలేం.

సోడియం కార్బొనేట్ దగ్గర ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. సోడియం హైడ్రాక్సైడ్, సోడియం కార్బొనేట్ కలిసిన 25 మి.లీ. ద్రావణానికి 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తున్నాం. ఫినాఫ్తలీన్ (రంగు మారి ఎక్కడ ఆపాలో చెప్పే సూచిక) గులాబీ రంగు 20 మి.లీ. దగ్గర పోయింది. అక్కడే మిథైల్ ఆరెంజ్ వేసి కొనసాగిస్తే ఇంకో 5 మి.లీ. పట్టింది. ఫినాఫ్తలీన్ రంగు పోయేసరికి హైడ్రాక్సైడ్ మొత్తం అయిపోయింది, కార్బొనేట్ మాత్రం సగం దారిలో బైకార్బొనేట్ దగ్గర ఆగింది. తర్వాతి 5 మి.లీ. ఆ బైకార్బొనేట్‌కు పట్టింది. కాబట్టి కార్బొనేట్ 5 × 0.1 = 0.5 మిల్లీమోల్. మొదటి 20లోనూ కార్బొనేట్ తన వాటా 5 తీసుకుంది, మిగిలిన 15 మి.లీ. హైడ్రాక్సైడ్‌ది, 1.5 మిల్లీమోల్‌లు. 25తో భాగిస్తే 0.02, 0.06 మోలార్. ఒకే కార్బొనేట్ ఒక సూచిక దగ్గర ఒక ఆమ్లాన్ని, ఇంకో సూచిక దాకా వెళ్తే రెండు ఆమ్లాలను అడుగుతోంది. దాని నార్మాలిటీ ఎంతో ఒక్క మాటలో చెప్పమంటే ఎలా?

ఇప్పటిదాకా నీళ్లలో కరిగినవాటినే చూశాం. పల్నాడు సున్నపురాయి నీళ్లలో కరగదు. పిడుగురాళ్ల బట్టీలకు వెళ్లే రాయిలో కాల్షియం కార్బొనేట్ ఎంత శాతమో తెలుసుకోవాలనుకుందాం. నేరుగా ఆమ్లంతో టైట్రేషన్ చేస్తే పొడి నెమ్మదిగా కరుగుతుంటుంది, ఎక్కడ ఆపాలో తెలియదు. అందుకని కావాల్సిన దానికంటే ఎక్కువ ఆమ్లం, కొలిచి మరీ పోసి, అంతా కరిగాక మిగిలిన ఆమ్లాన్ని క్షారంతో లెక్కిస్తారు. దీన్నే బ్యాక్ టైట్రేషన్ అంటారు. నమూనా అంకెలతో చూద్దాం: 0.5 గ్రాముల రాతి పొడి, 50 మి.లీ. 0.25 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కార్బన్ డయాక్సైడ్ పోయేదాకా మరిగించి చల్లార్చారు. మిగిలిన ఆమ్లానికి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 35 మి.లీ. పట్టింది.

పోసిన ఆమ్లం 12.5 మిల్లీమోల్‌లు, మిగిలింది 3.5, రాయి తిన్నది 9. ఒక కార్బొనేట్‌కు రెండు ఆమ్లాలు కాబట్టి కాల్షియం కార్బొనేట్ 4.5 మిల్లీమోల్‌లు, 450 మిల్లీగ్రాములు, 90 శాతం. ఈ లెక్కలో పిల్లలు ఎక్కువగా చేసే పని 3.5ను సగం చేసి రాయికి అంటగట్టడం. బ్యూరెట్ చెప్పేది మిగిలినదాని గురించి, ఖర్చయినదాని గురించి కాదు. రాయిలో మెగ్నీషియం కార్బొనేట్ కూడా ఉంటే అదీ ఆమ్లం తింటుంది, ఆ వాటా కూడా కాల్షియం ఖాతాలోనే పడిపోతుంది. పద్ధతిలోని ఆ లోపం మన గుణకారాలతో పోయేది కాదు.

అన్నట్టు ఆ 0.25 మోలార్ ఆమ్లం తయారీలో ఎం1వి1 = ఎం2వి2కు అసలైన చోటు దొరుకుతుంది. కొనుక్కొచ్చిన సీసా మీద బరువులో 36.5 శాతం, సాంద్రత 1.18 అని ఉందనుకోండి. లీటరు బరువు 1,180 గ్రాములు, అందులో ఆమ్లం 36.5 శాతం, మోలార్ ద్రవ్యరాశి కూడా 36.5, కాబట్టి 11.8 మోలార్. 500 మి.లీ. కావాలంటే 125 మిల్లీమోల్‌లు, సీసాలోంచి 10.6 మి.లీ. సరిపోతుంది. ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి. ఇలా చేసిన గాఢత సుమారుదే, టైట్రేషన్ చేసి సరిచూసుకోకుండా వాడకూడదు. విజయవాడ మే నెల ఎండల్లో అయితే ఇంకో సంగతీ ఉంది. 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వేడెక్కితే నీటి ఘనపరిమాణం సుమారు 0.6 శాతం పెరుగుతుంది. 20 మి.లీ.కి 0.12 మి.లీ., అంటే బ్యూరెట్ మీద ఒక గీత కంటే ఎక్కువే. చల్లని గదిలో కలిపిన ద్రావణం వేడి గదిలో అదే మోలారిటీ చూపించదు.

చివరిగా ఇంట్లోకి వచ్చే నీళ్లు. బోరు నీళ్లున్న అపార్ట్‌మెంట్లలో కుళాయిల మీద, గీజర్ కాయిల్ మీద తెల్లగా పేరుకునేది కాఠిన్యం (నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు) వల్లే. దాన్ని ఈడీటీఏ అనే కారకంతో కొలుస్తారు. అది కాల్షియంతోనూ మెగ్నీషియంతోనూ ఒకటికి ఒకటే కలుస్తుంది కాబట్టి నిష్పత్తి బెడద లేదు. పీహెచ్ 10 దగ్గర ఎరియోక్రోమ్ బ్లాక్ టి సూచిక ద్రాక్ష ఎరుపు నుంచి నీలానికి మారగానే ఆపాలి. 50 మి.లీ. నీటికి 0.01 మోలార్ ఈడీటీఏ 18 మి.లీ. పట్టిందంటే 0.18 మిల్లీమోల్. కాఠిన్యాన్ని కాల్షియం కార్బొనేట్ రూపంలో చెప్పడం ఆనవాయితీ, అది 18 మిల్లీగ్రాములు. 50 మి.లీ.లో 18 అయితే లీటరుకు 360. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కోరదగిన పరిమితి 200, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా అనుమతిస్తారు.

అందులో కాల్షియం ఎంత, మెగ్నీషియం ఎంత? అదే నీటికి సోడియం హైడ్రాక్సైడ్ వేసి పీహెచ్ 12 దాటిస్తే మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా అవక్షేపమై పక్కకు తప్పుకుంటుంది. అప్పుడు మ్యూరెక్సైడ్ సూచికతో ఈడీటీఏ 11 మి.లీ. పట్టిందనుకుందాం. అది కాల్షియం ఒక్కదానిదే, 0.11 మిల్లీమోల్. మిగిలిన 0.07 మెగ్నీషియం. లీటరుకు మార్చితే 2.2, 1.4 మిల్లీమోల్‌లు. 40తోనూ 24.3తోనూ గుణిస్తే కాల్షియం 88 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 34. కోరదగిన పరిమితులు వరుసగా 75, 30. రెండూ కాస్త పైనే ఉన్నాయి, అనుమతించే 200, 100కు మాత్రం చాలా కిందే.